డ్రైవర్ లేని కారుకు జవాబుదారీ ఎవరు?

సభకు నమస్కారం.

డ్రైవర్ లేని కార్ల గురించి మాట్లాడతానన్నప్పుడు, వాటిలోని కెమెరాలు, రాడార్లు, లైడార్లు ఎలా పనిచేస్తాయో చెబుతానని మీలో కొందరు అనుకుని ఉండవచ్చు. ఆ సంగతులు నాకంటే బాగా చెప్పగలిగినవారు ఈ నగరంలోనే ఎందరో ఉన్నారు. అలాంటి కారు తమ వీధిలోకి వచ్చినప్పుడు మనుషులు ఏమనుకున్నారు, ఎందుకు అలా అనుకున్నారు అన్నదే ఈ సాయంత్రం నా విషయం. ఆ కార్లు జనం మధ్య నిజంగా తిరుగుతున్నది ప్రధానంగా అమెరికాలోనూ చైనాలోనూ కాబట్టి నా ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే. మన దగ్గరికి చివర వస్తాను.

ట్రిపుల్ ఏ అని పిలిచే అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ కొన్నేళ్లుగా ఒక సర్వే చేస్తోంది. పూర్తిగా తనంతట తాను నడిచే కారులో ఎక్కాలంటే భయమని 2017 మొదట్లో అమెరికన్ డ్రైవర్లలో 78 శాతం మంది చెప్పారు. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య 63కు దిగింది. 2018 ఏప్రిల్‌లో 73కు ఎక్కింది. 2022లో 55, మరుసటి ఏడాది 68, 2025లో 61. నమ్మకంగా ఎక్కుతామన్నవారు 2025లో కూడా 13 శాతమే. కొత్త వస్తువంటే ఉండే బెదురు అలవాటుతో పాటు తగ్గుతూ పోతుందని పరిశ్రమవారు తరచుగా అంటారు. అది నిజమైతే ఈ సంఖ్య ఏటా కొంచెం కొంచెంగా దిగుతూ రావాలి. ఇలా ఎక్కి దిగుతున్నదంటే జనం ఆ కార్ల గురించి ఏవో వార్తలు వింటున్నారు, విన్నదాన్ని బట్టి తీర్పు మార్చుకుంటున్నారు అన్నమాట. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తొందరపాటు.

అయితే ఈ సర్వేలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 'స్వయంగా నడిచే కారు' అన్న ఒకే మాట కింద జనం రెండు వేర్వేరు వస్తువులను కలిపి చూస్తున్నారు. మనిషి స్టీరింగ్ దగ్గర ఉండి, చూపు రోడ్డు మీదే ఉంచవలసిన టెస్లా ఆటోపైలట్ వంటి సహాయక వ్యవస్థ ఒకటి. ముందు సీట్లో ఎవరూ లేకుండా కిరాయికి తిరిగే వేమో వంటి రోబోట్యాక్సీ మరొకటి. నిద్రపోతూ ప్రయాణించగల కారును ఇప్పటికే కొనుక్కోవచ్చని దాదాపు పదిమందిలో ఒకరు నమ్ముతున్నట్టు 2023 సర్వేలో తేలింది. ఆ గందరగోళానికి జనాన్ని తప్పుపట్టలేం. పేర్లు పెట్టింది కంపెనీలే. ఆటోపైలట్ నడుస్తున్నప్పుడు డ్రైవర్ దృష్టి రోడ్డు మీద ఉండేలా చూసే ఏర్పాట్లు చాలడం లేదన్న కారణంతో 2023 డిసెంబరులో టెస్లా అమెరికాలో 20 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేయవలసి వచ్చింది.

2018లో సంఖ్య అంతగా ఎగబాకడానికి కారణమైన ఘటనను కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలోని ముడులన్నీ అందులో ఉన్నాయి. ఆ ఏడాది మార్చి 18 రాత్రి పది గంటల ప్రాంతంలో, అరిజోనా రాష్ట్రంలోని టెంపీ నగరంలో, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న 49 ఏళ్ల మహిళను ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న కారు ఢీకొంది. ఆమె చనిపోయింది. స్వయంచాలిత కారు వల్ల పాదచారి మరణించిన మొదటి ఘటన అది. అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు చేసి 2019 నవంబరులో తన నిర్ణయాలను ప్రకటించింది. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే కారు సెన్సర్లు ఆమెను పసిగట్టాయి. కానీ ఎదురుగా ఉన్నది ఏమిటో తేల్చుకోలేక ప్రోగ్రాం ఒకసారి వాహనమని, ఒకసారి ఇంకేదో వస్తువని, ఒకసారి సైకిలని మార్చి మార్చి లెక్కవేసింది. పాదచారుల గీతలు లేని చోట మనిషి రోడ్డు దాటవచ్చన్న సంగతిని ఆ ప్రోగ్రాం రాసినవారు లెక్కలోకే తీసుకోలేదు. వోల్వో సంస్థ ఆ కారులో అమర్చిన అత్యవసర బ్రేకును, తమ ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు పనిచేయకుండా ఉబర్ ఆపి ఉంచింది. ముందు సీట్లో కూర్చుని రోడ్డును కనిపెట్టి చూడవలసిన ఉద్యోగిని ఆ సమయంలో ఫోనులో ఒక టీవీ కార్యక్రమం చూస్తోంది. అంతకుముందు ఒక్కో కారులో ఇద్దరు ఉద్యోగులుండేవారు. సంస్థ వారిని ఒకరికి తగ్గించింది.

తర్వాత ఏం జరిగిందో చూడండి. సంస్థపై క్రిమినల్ కేసు పెట్టడానికి ఆధారం లేదని 2019 మార్చిలో ప్రాసిక్యూటర్లు తేల్చారు. కేసు పడింది సీట్లో కూర్చున్న ఉద్యోగిని మీద. ఆమె 2023లో నేరం అంగీకరించగా మూడేళ్ల ప్రొబేషన్ విధించారు. సంస్థలో భద్రతా సంస్కృతి సరిగా లేదని దర్యాప్తు బోర్డు స్పష్టంగా రాసింది, కానీ సంస్కృతిని బోనులో నిలబెట్టలేరు కదా. ఇంకొక సంగతి కూడా మరచిపోకూడదు. 2016 చివర్లో కాలిఫోర్నియా అధికారులు సరైన అనుమతి లేదని ఉబర్ కార్ల రిజిస్ట్రేషన్లు రద్దు చేస్తే, అరిజోనా గవర్నర్ మా రాష్ట్రానికి రండని బాహాటంగా పిలిచారు. తమ వీధులు పరీక్షశాలలు కాబోతున్నాయని టెంపీ పౌరులను ఎవరూ అడగలేదు.

ఆ పక్క ఊరు చాండ్లర్‌లో వేమో వ్యాన్ల మీద రాళ్లు రువ్వడం, టైర్లు కోయడం, దారికి అడ్డం పడడం వంటివి రెండేళ్లలో కనీసం 21 జరిగినట్టు 2018 చివర్లో అక్కడి పత్రికలు రాశాయి. ఒకాయన లోపల కూర్చున్న ఉద్యోగి మీదికి తుపాకీ కూడా చూపించాడు. ఆ చేష్టలను నేను సమర్థించడం లేదు. కానీ వాళ్లను యంత్రాలంటే పడని మొరటువాళ్లుగా చిత్రించిన విశ్లేషణలు నాకు తృప్తినివ్వలేదు. తన పిల్లలు ఆడుకునే వీధిలో ప్రయోగం జరుగుతున్నది, దానికి ఒప్పుకున్నట్టు తానెక్కడా సంతకం పెట్టలేదు, వద్దని చెప్పుకోవడానికి ఒక కార్యాలయమంటూ లేదు. అలాంటప్పుడు కోపం నోటితో కాక చేతితో బయటపడడం ఆశ్చర్యమేమీ కాదు.

ఈ సందర్భంలో లిఫ్టుల కథ చెప్పేవారు చాలామంది ఉంటారు. ఒకప్పుడు ప్రతి లిఫ్టులో నడిపే మనిషి ఉండేవాడు, బటన్ నొక్కితే తానే కదిలే లిఫ్టు వస్తే జనం ఎక్కడానికి జంకారు, క్రమంగా అలవాటు పడ్డారు, కార్లూ అంతే అని వారి వాదన. అది సగమే నిజం. లిఫ్టు వల్ల ప్రమాదమంటూ ఉంటే దాదాపుగా ఎక్కినవాడికే. రోడ్డు మీది కారు వల్ల ప్రమాదం ఎక్కనివాడికి కూడా. టెంపీలో చనిపోయిన మహిళ ఆ కారును పిలవలేదు, దాని యాప్‌ను ఫోనులో పెట్టుకోలేదు. అందుకే 'మీరు ఎక్కుతారా' అని అడిగే సర్వేలు అసలు ప్రశ్నను తప్పించుకుంటున్నాయని నా అభిప్రాయం. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2021లో చేసిన సర్వేలో ఎక్కడం గురించే కాకుండా, ఈ కార్లు విస్తృతంగా రావడం సమాజానికి మంచిదేనా అని కూడా అడిగారు. మంచిదన్నవారు 26 శాతం, చెడ్డదన్నవారు 44 శాతం, తెలియదన్నవారు 29 శాతం. ఆ తెలియదన్న 29 శాతం మందిని ఎవరు ఒప్పించారు, ఎలా ఒప్పించారు అన్నదే ఆ తర్వాతి చరిత్ర.

ఆ చరిత్ర శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. మనవాళ్లు ఎందరో పనిచేసే ప్రాంతం కనుక అక్కడి సంగతులు మీలో చాలామందికి చెవిన పడే ఉంటాయి. పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు ఖాళీ డ్రైవర్ సీటును వీడియో తీసి ఇంటి గ్రూపులో పెట్టడం ఇప్పుడు మామూలైంది. 2023 నాటికి ఆ నగరంలో రెండు కంపెనీల కార్లు తిరుగుతున్నాయి. ఒకటి జనరల్ మోటార్స్‌కు చెందిన క్రూజ్, రెండోది గూగుల్ మాతృసంస్థకు చెందిన వేమో. రోజంతా, నగరమంతా కిరాయికి తిరగడానికి అనుమతి కావాలని రెండూ కోరాయి. ఇవి మంటలార్పే బండ్లకు అడ్డం నిలబడ్డ సందర్భాలు 50కి పైగా ఉన్నాయని అగ్నిమాపక శాఖ లెక్క చూపింది. అనుమతి ఇచ్చే అధికారం నగరానిది కాదు, రాష్ట్ర సంస్థలది. నగరపాలకులు, అగ్నిమాపక శాఖ వద్దన్నా వారి మాటకు సలహా విలువే తప్ప బలం లేదు. ఆ వేసవిలో కొందరు కార్యకర్తలు రాత్రివేళ వీధుల్లో తిరుగుతూ, నారింజ రంగు ట్రాఫిక్ కోన్‌ను ఈ కార్ల బానెట్ మీద పెట్టసాగారు. కోన్ పెడితే కారు అక్కడే ఆగిపోతుంది; ఎవరో వచ్చి తీసేదాకా కదలదు. కోట్ల డాలర్లు పోసి తయారుచేసిన యంత్రాన్ని ఒక ప్లాస్టిక్ ముక్క నిలబెట్టేస్తున్న ఆ వీడియోలు ప్రపంచమంతా చూసింది. సరిగ్గా అదే సమయంలో క్రూజ్ పెద్ద పత్రికల్లో పేజీ నిండా ప్రకటన వేసి, మనుషులు ఘోరమైన డ్రైవర్లని ప్రకటించింది. మాటలో కొంత నిజమే ఉండవచ్చు. కానీ ఇంటికి పిల్లనడగడానికి వచ్చినవాడు ముందుగా ఇంటివాళ్ల నడవడిని ఎంచినట్టుంది ఆ ప్రకటన.

ఆగస్టు 10న, ఆ అనుమతి ఇచ్చే రాష్ట్ర సంస్థ అయిన కాలిఫోర్నియా ప్రజా వినియోగాల సంఘం ఎదుట గంటల తరబడి బహిరంగ విచారణ సాగింది. ట్యాక్సీ నడిపేవారు వద్దన్నారు. అంధులు చాలామంది కావాలన్నారు, ఎందుకంటే గైడ్ కుక్కను చూసి బుకింగ్ రద్దు చేసే డ్రైవర్లతో వాళ్లు విసిగి ఉన్నారు. వీల్‌చెయిర్ మీద తిరిగేవారిలో కొందరు ఈ కార్లలోకి మేము ఎక్కలేమన్నారు. అర్ధరాత్రి ఒంటరిగా ఇంటికి వెళ్లవలసిన మహిళలకు ముందు సీటు ఖాళీగా ఉండడమే భద్రత అన్న వాదన ఆ రోజుల్లో గట్టిగా వినిపించింది. ఒకే సౌకర్యం ఒకరికి స్వేచ్ఛ, మరొకరికి ముప్పు. 'ప్రజల వైఖరి' అని ఏకవచనంలో మాట్లాడే మనకు ఆ విచారణ నివేదిక మంచి చదువు. చివరికి ఓటు 3-1. అనుమతి వచ్చింది. మర్నాడు రాత్రే నార్త్ బీచ్ ప్రాంతంలో పది దాకా క్రూజ్ కార్లు నడిరోడ్డు మీద నిలిచిపోయి ట్రాఫిక్‌ను కట్టేశాయి.

అక్టోబరు 2 రాత్రి ఇంకా పెద్ద ఘటన జరిగింది. మనిషి నడుపుతున్న కారొకటి ఒక మహిళను ఢీకొట్టి పారిపోయింది. ఆమె ఎగిరి పక్క లైనులో వస్తున్న క్రూజ్ కారు ముందు పడింది. క్రూజ్ ఆమెను తాకి ఆగింది. ఇంతవరకు ఏ డ్రైవర్ అయినా తప్పించగలిగేవాడా అని వాదించవచ్చు. కానీ ఆ తర్వాత, ప్రమాదం జరిగితే పక్కకు తప్పుకోవాలన్న తన నియమం ప్రకారం, కింద మనిషి ఉందని తెలియక, సుమారు 20 అడుగులు ఆమెను ఈడ్చుకుంటూ వెళ్లింది. వీడియోలో ఈడ్చుకెళ్లిన భాగాన్ని క్రూజ్ తమకు మొదట చూపించలేదని రాష్ట్ర మోటారు వాహనాల శాఖ ప్రకటించి, అక్టోబరు 24న అనుమతులను నిలిపివేసింది. సంస్థ అధిపతి రాజీనామా చేశారు, కేంద్ర నియంత్రణ సంస్థ 15 లక్షల డాలర్ల జరిమానా వేసింది, 2024 డిసెంబరులో జనరల్ మోటార్స్ రోబోట్యాక్సీ ఆలోచననే విరమించుకుంది. క్రూజ్‌ను ముంచింది ప్రమాదంకంటే దాపరికమే. ఆమెను మొదట ఢీకొట్టిన మనిషి కూడా తప్పించుకుపోయాడు. అయినా నగరం అతని కంటే కంపెనీని కఠినంగా చూసింది. పారిపోయినవాడి నుంచి ఎవరూ నిజాయితీ ఆశించరు. అనుమతి పత్రం చేతబట్టుకుని బల్ల ఎదుట కూర్చున్నవాడి నుంచి ఆశిస్తారు.

అదే వీధుల్లో వేమో నిలిచింది. 2023 మేలో వారానికి 10 వేల ప్రయాణాలు నడిపిన సంస్థ 2025 ఏప్రిల్ నాటికి రెండున్నర లక్షలు దాటింది. ప్రమాదాల వివరాలను బయటపెట్టడం, ఊరూరా మెల్లగా విస్తరించడం ఆ సంస్థకు పేరు తెచ్చాయి. బీమా సంస్థ స్విస్ రీతో కలిసి 2.5 కోట్ల మైళ్ల ప్రయాణంపై చేసిన అధ్యయనంలో, మనుషులు నడిపే కార్లతో పోలిస్తే గాయాల క్లెయిములు 92 శాతం తక్కువని తేలింది. అధ్యయనంలో కంపెనీ భాగస్వామి అన్నది గుర్తుంచుకుంటూనే, ఇది చిన్న విషయం కాదని ఒప్పుకోవాలి. మరణాల లెక్క మాత్రం ఇంకా అంత సులువు కాదు. అమెరికాలో సుమారు పది కోట్ల మైళ్లకు ఒక మరణం జరుగుతుంది. మనిషి కంటే యంత్రం అధ్వానం కాదని గణాంకశాస్త్రం ఒప్పుకునేలా చూపాలంటే ఒక్క మరణమూ లేకుండా 27.5 కోట్ల మైళ్లు నడవాలని ర్యాండ్ అనే అమెరికన్ పరిశోధన సంస్థ 2016లోనే లెక్కగట్టింది.

జనాదరణ పెరిగినంత మాత్రాన కోపం పోలేదు. 2024 ఫిబ్రవరిలో చైనాటౌన్‌లో చాంద్రమాన నూతన సంవత్సర వేడుకల మధ్య ఒక వేమో కారును గుంపు తగలబెట్టింది. 2025 అక్టోబరులో మిషన్ ప్రాంతంలోని ఒక కొట్టు పిల్లి, కిట్‌క్యాట్ దాని పేరు, వేమో చక్రాల కింద పడి చనిపోతే వీధి వీధంతా పూలు పెట్టింది. ఈ కార్లను రానివ్వాలో వద్దో స్థానిక ఓటర్లే తేల్చుకునే హక్కు కావాలని సూపర్‌వైజర్ అని పిలిచే నగర పాలకమండలి సభ్యురాలు ఒకరు తీర్మానం తెచ్చారు. రోజూ మనుషుల కార్ల కింద ఎన్ని పిల్లులు పడడం లేదని కొందరు ఎద్దేవా చేశారు. వారి లెక్క సరైనదే. ఆ వీధివాళ్లు అడిగింది ఆ లెక్క కాదు.

స్వయంచాలిత కారు ఒకరిని కాపాడడానికి ఇంకొకరిని బలిపెట్టాలా అన్న నైతిక చిక్కుల గురించి పండితులు చాలా రాశారు. ఎంఐటీవారు అంతర్జాలంలో పెట్టిన ప్రయోగంలో దాదాపు నాలుగు కోట్ల నిర్ణయాలు నమోదయ్యాయి. ఆసక్తికరమైనదే, కానీ నేను చెప్పిన ఘటనల్లో ఒక్కదానిలోనూ అలాంటి చిక్కు లేదు.

ఇక మన దేశం. డ్రైవర్ లేని కార్లను రానివ్వబోమని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2017లో అన్నారు, 2023 చివర్లో మళ్లీ అన్నారు. కారణం ఉపాధి. మన రోడ్ల మీద ఇవి నడవనే నడవవన్నది రెండో జవాబు. ఈ రెండో జవాబు వినడానికి సరదాగా ఉంటుంది, కానీ దాని మీద ఎక్కువ కాలం ఆధారపడలేం. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఇంటెల్‌తో కలిసి 2018లోనే హైదరాబాదు, బెంగళూరు రోడ్ల చిత్రాలు పదివేలు విడుదల చేశారు. అందులో ఆటోరిక్షాకు, జంతువుకు వేర్వేరు వర్గాలున్నాయి. సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాదు ఆవరణలో, డ్రైవర్ లేని వాహనాలపై పరిశోధన చేసే తిహాన్ కేంద్రం 2022 జులైలో పరీక్షా ట్రాక్‌ను ప్రారంభించింది. గేదె అడ్డం వస్తుంది కాబట్టి కారు రాదనుకోవడం భ్రమ. గేదెను గుర్తుపట్టడం నేర్పుతున్నారు.

ఉపాధి విషయం అంత తేలికగా తీసేయదగ్గది కాదు, దానికి మన దగ్గరే ఇటీవలి ఉదాహరణ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. మంచి పథకమే. కానీ ఆటోవాళ్ల గిరాకీ పడిపోయింది, రోడ్డెక్కారు, ధర్నాలు చేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 అక్టోబరులో ఆటో, క్యాబ్ డ్రైవర్ల ఖాతాల్లో 15 వేల రూపాయల చొప్పున వేసింది. ఆ డబ్బు చాలుతుందా అన్నది వేరే చర్చ. గిరాకీ ఎవరి నిర్ణయం వల్ల పోయిందో వాళ్లకు తెలుసు, అడగడానికి గుమ్మం ఉంది, గుమ్మం లోపలివాడు మళ్లీ ఓటడగడానికి రావాలి. చైనాలోని వుహాన్‌లో 2024లో అక్కడి టెక్ కంపెనీ బైదూ రోబోట్యాక్సీలు తక్కువ చార్జీలతో దిగినప్పుడు అక్కడి ట్యాక్సీ సంస్థ అధికారులకు మొరపెట్టుకుంది. రేపు మన నగరంలో ఒక కంపెనీ ఐదు వేల కార్లు దింపితే ఆటో స్టాండులో నిలబడ్డవాడు ఎవరి గుమ్మం తొక్కాలి? మంత్రి 'రానివ్వం' అన్న మాట ఈ ప్రశ్నకు జవాబు కాదు, వాయిదా.

ఎందుకంటే తలుపు చట్టంలో ఇప్పటికే తెరిచి ఉంది. 2019 సవరణ ద్వారా మోటారు వాహనాల చట్టంలో చేరిన 2బి సెక్షన్, కొత్త ఆవిష్కరణలకూ పరిశోధనలకూ ఊతమివ్వడం కోసం కొన్ని వాహనాలకు చట్టం నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి కల్పిస్తోంది. మినహాయింపు ఒక నోటిఫికేషన్‌తో రావచ్చు. అది అరిజోనా దారి. నష్టపరిహారం వరకు మన చట్టం నయమే. 164వ సెక్షన్ కింద తప్పెవరిదన్న దానితో సంబంధం లేకుండా మరణానికి ఐదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వాహన యజమానో బీమా సంస్థో చెల్లించాలి. చిక్కు నేరం దగ్గర వస్తుంది. నిర్లక్ష్యంగా బండి నడిపిన నేరానికి ఒక మనిషి కావాలి. 2025 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనో పోలీసులు అక్రమంగా యూ టర్న్ తీసుకున్న వేమోను ఆపి, చలానా పుస్తకంలో రోబోకు గడి లేదని తామే చమత్కరించి వదిలేశారు. 2026 జులై నుంచి అలాంటి సందర్భాల్లో తయారీదారుకు నోటీసు ఇచ్చే వీలు ఆ రాష్ట్రం కల్పించింది.

బ్రిటన్ 2024లో చేసిన చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. కారు నడకకు బాధ్యత వహించే సంస్థ ఏదో ముందే నమోదు కావాలి. కారు తనంతట తాను నడుస్తున్నప్పుడు జరిగిన డ్రైవింగ్ తప్పులకు లోపల కూర్చున్నవాణ్ణి శిక్షించకూడదు. భద్రతకు సంబంధించిన సమాచారాన్ని దాచినా, తప్పుగా ఇచ్చినా అది నేరం. టెంపీ ఉద్యోగిని, క్రూజ్ వీడియో రెండూ ఆ సెక్షన్లలో కనిపిస్తాయి.

కంది ట్రాక్ మీది వాహనాలు ప్రహరీ దాటి ముంబై హైవే ఎక్కే రోజు వస్తే, ఆ అనుమతి ఏ కార్యాలయం ఇస్తుంది, చుట్టుపక్కల గ్రామసభల్లో ముందుగా వినిపిస్తారా, ప్రమాదం జరిగితే కారులోని రికార్డింగు ఎన్ని గంటల్లో పోలీసుల చేతికి రావాలి, ఎఫ్ఐఆర్‌లో ఎవరి పేరు రాస్తారు అన్న నాలుగు సంగతులు అంతకుముందే కాగితం మీద ఉండాలని నేను కోరుతున్నాను. రవాణా శాఖలో పనిచేసినవారు, ఆటో యూనియన్ల మిత్రులు ఈ సభలో ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. మీ అభ్యంతరాలు, ప్రశ్నలు ఉంటే ఇప్పుడు వింటాను.